చిత్రకారుడూ విమర్శకుడూ: కలహం ఎక్కడ?

1940లో శ్రీశ్రీ కవితలకు 'యోగ్యతాపత్రం' రాస్తూ చలం, కవిత్వానికి తూకం వేయడం తన వల్ల కాదన్నాడు. శ్రీశ్రీకి కావలసిందీ తూకం కాదు, చదివి చలించే మనిషి. కళాకారుడి కోరిక ఏ కాలంలోనైనా ఇదే. అందులో తప్పులేదు.

అయితే చలం మాట మీద ఎవరి వ్యాపారమూ ఆధారపడలేదు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మాదాపూర్ ప్రాంతంలో పరిస్థితి వేరు. ఆఫీసు గోడలకూ ఫ్లాట్ల గోడలకూ బొమ్మలు కావాలి. ప్రదర్శనకు కేటలాగు కావాలి. దానికి ముందుమాట రాసేవాడికి తరచు డబ్బిచ్చేది అమ్మేవాడే. ఆ రాతను విమర్శ అనగలమా?

సరే, డబ్బు తీసుకోనంత మాత్రాన విమర్శ సరైనదవుతుందా? నా అనుభవం చెబుతాను. అక్కడే ఒక మిత్రుడి ప్రదర్శన చూసి, ఆయన బొమ్మల్లో బోనమెత్తిన స్త్రీల అలంకారమే తప్ప వాళ్ళ చాకిరీ లేదని రాశాను. ఆయన మాట్లాడటం మానేశాడు. ఏడాది తర్వాత కనిపించి ఒక్కటే అడిగాడు: "మాస్టారూ, ఆ ఎరుపు ఎన్ని పూతలు వేస్తే వచ్చిందో మీకు తెలుసా?"

నాకు తెలియదు. కథను చదివినట్టే బొమ్మనూ చదివాను. నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. కాని దానికి రంగులోనుంచీ గీతలోనుంచీ ఆధారం చూపలేకపోయాను.

స్వయంగా బొమ్మలు వేసిన సంజీవదేవ్ (1914–1999) చిత్రకళ గురించి తెలుగులో రాశారు. సాహిత్య విమర్శకులం మనం వస్తువు దగ్గరే ఆగిపోతున్నాం. విమర్శకుడు జవాబు చెప్పవలసింది గీసేవాడికీ కాదు, కొనేవాడికీ కాదు, చూసేవాడికి. ఆ జవాబు బొమ్మలోనుంచే రావాలి. అప్పుడూ కలహం ఉంటుంది. కాని అది బొమ్మ గురించిన కలహమవుతుంది.