పావగడ ఎండ

కర్ణాటక రాష్ట్రంలోని తుమకూరు జిల్లాలో పావగడ తాలూకా ఉంది. పటంలో చూస్తే దానికి మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ కనిపిస్తుంది. అక్కడ కచేరీ కాగితాలు కన్నడంలో నడుస్తాయి. ఇళ్లలో చాలాచోట్ల తెలుగు వినిపిస్తుంది. వాన తక్కువ. వేరుశనగ విత్తి మబ్బుకోసం ఎదురుచూడడం, పైరు ఎండిపోతే బెంగళూరుకు కూలికి పోవడం అక్కడి రైతులు ఎరిగిన బతుకే. బోరు ఎంత లోతుకు దించినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. పడిన నీటిలోనూ ఫ్లోరైడు ఎక్కువ. ఆ నేలకు కొరత లేనిది ఎండ ఒక్కటే.

ఆ ఎండకు విలువ ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందుగా బొగ్గు సంగతి చూడాలి. కోట్ల ఏళ్ల కిందటి అడవులు నేలలో కూరుకుపోయి, పైనున్న పొరల బరువుకూ లోపలి వేడికీ బొగ్గుగా మారాయి. పెట్రోలియం, సహజవాయువు కూడా ప్రాచీన జీవరాశి అవశేషాల నుంచి ఏర్పడినవే. అందుచేత వీటిని శిలాజ ఇంధనాలు అంటారు. తెలంగాణలోని సింగరేణి గనుల బొగ్గు రైలెక్కి కర్ణాటకలోని రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రానికి చేరుతుంది. అక్కడ దానిని మండించి నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైన్లను తిప్పుతారు.

మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారు కావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. అప్పుడు ఇంచుమించు ఒక కిలో కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాల్చినదానికంటే వచ్చిన వాయువు బరువెక్కువ ఎట్లా అయిందని సందేహం కలగడం సహజం. బొగ్గులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కాబట్టి ఆ ఆక్సిజన్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ వాయువు ఎండను భూమిమీదికి రానిస్తుంది. వేడెక్కిన భూమి నుంచి వెలువడే వేడిని మాత్రం పూర్తిగా పోనివ్వదు. ఇది బొత్తిగా లేకపోతే భూమి గడ్డకట్టుకుపోయేది. చిక్కంతా మోతాదు మించడంలోనే ఉంది. బొగ్గు వాడకం పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా కొండమీద ఈ వాయువును కొలవడం ప్రారంభించాడు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. యంత్రయుగానికి ముందు అది 280 మాత్రమే. 19వ శతాబ్ది చివరి నుంచి భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైగా పెరిగింది. ఒక డిగ్రీయే కదా అనిపించవచ్చు. కాని దానివల్ల వడగాడ్పులు పెరుగుతాయి; వాన కురిస్తే కుండపోతగా కురిసి, మధ్యలో వట్టి రోజులు ఎక్కువవుతాయి. వానమీదే ఆధారపడిన వేరుశనగ రైతుకు ఈ తేడా చాలు.

2015లో పారిస్‌లో ప్రపంచ దేశాలు ఈ వాయువులను తగ్గించుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. అందుకున్న మార్గాలలో సౌరవిద్యుత్తు ఒకటి. ఎండ తగిలితే సిలికాన్ పలకలలో విద్యుత్తు పుడుతుంది. మంట లేదు, పొగ లేదు. పావగడ తాలూకాలోని తిరుమణి, వల్లూరు మొదలైన అయిదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో ఇటువంటి పలకలు పరిచారు. 2018లో ప్రారంభమైన ఈ సౌర ఉద్యానం 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది.

ఇక్కడ భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి అయిదు శాతం పెంచే ఏర్పాటు జరిగింది. వాన వచ్చినా రాకున్నా కౌలు వస్తుంది కనుక భూమి ఉన్నవారు కొంత కుదుటపడ్డారు. సెంటు భూమి లేనివారికి ఆ కౌలులో భాగం లేదు. కలుపుతీత, కాయకోత కూలి పోయింది. గొర్రెల కాపరులకు మేత బీళ్లు తగ్గాయి. కాపలా, గడ్డికోత, పలకలు కడగడం వంటి పనులు కొందరికే దొరికాయి. దుమ్ము పేరుకుంటే విద్యుత్తు తగ్గుతుంది కాబట్టి పలకలు కడగక తప్పదు. అందుకూ నీళ్లు కావాలి.

పొద్దు గూకగానే పలకలు పని మానుతాయి. పగటి విద్యుత్తును రాత్రికి దాచే పెద్ద బ్యాటరీలు దేశంలో ఇంకా తక్కువ. అందువల్ల ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు ఎక్కువ భారం మళ్లీ బొగ్గు మీదే పడుతున్నది.