కొత్త పీసీ బిగిస్తున్నారా? ముందు పెన్‌డ్రైవ్‌లు సిద్ధం చేసుకోండి

సొంతంగా పీసీ బిగించుకునేవాళ్లు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఎంచుకోవడానికి వారాల తరబడి దుకాణాలు తిరుగుతారు. తీరా అన్నీ బిగించి పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద బయోస్ పేజీ తప్ప ఏమీ రాదు. అప్పుడు విండోస్ డౌన్‌లోడ్ చేద్దామంటే చేతిలో మరో కంప్యూటర్ ఉండదు. అందుకే విడిభాగాలు ఇంటికి రాకముందే, స్నేహితుల ల్యాప్‌టాప్‌లోనైనా సరే, మూడు పెన్‌డ్రైవ్‌లు సిద్ధం చేసుకోండి.

విండోస్ కోసం ఒకటి

మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి. విండోస్ 10కు సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి కొత్త పీసీలో 11 వేసుకోవడమే మేలు. దీనికి టీపీఎం 2.0 ఉండాలి. కొన్ని బోర్డుల్లో దాన్ని బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. లైసెన్స్ విడిగా కొనాలి. ఆ ఖర్చు వద్దనుకుంటే ఉబుంటు ఉంది. ఐఎస్ఓ ఫైల్‌ను కాపీ చేసి వదిలేస్తే బూట్ అవ్వదు. రూఫస్ లాంటి టూల్‌తో ఎక్కించాలి.

డ్రైవర్లకు మరొకటి

చాలామంది మరిచిపోయేది దీన్నే! కొత్త బోర్డులోని వైఫై చిప్‌ను విండోస్ గుర్తించకపోవచ్చు. సెటప్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దొరకాలంటే నెట్ కావాలి. మదర్‌బోర్డు మోడల్, రివిజన్ నంబర్ చూసుకుని తయారీ సంస్థ సైట్ నుంచి లాన్, వైఫై, చిప్‌సెట్ డ్రైవర్లు తీసుకుని జిప్ విప్పి పెట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలాసార్లు గట్టెక్కేస్తారు.

బయోస్‌కు మూడోది

బోర్డు కంటే ప్రాసెసర్ కొత్తదైతే డిస్‌ప్లే రాకపోవచ్చు. కొన్ని బోర్డుల్లో ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, మాన్యువల్ చెప్పిన పేరుతో ఫైల్ పెట్టి, అది చూపిన పోర్టులోనే గుచ్చాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదముంది. యూపీఎస్ ఉంటే మంచిది. అన్నీ సవ్యంగా నడుస్తుంటే బయోస్ జోలికి వెళ్లనక్కర్లేదు.

బూట్ చేసే ముందు

పాత హార్డ్‌డిస్క్ కూడా పెడుతుంటే విండోస్ వేసేవరకు దాని కేబుల్ తీసి ఉంచండి. పొరపాటున దాన్ని ఎంచుకుని ఫార్మాట్ కొడితే ఏళ్ల డేటా పోతుంది. పీసీ ఆన్ అవుతుండగా ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్ఐ, ఆస్‌రాక్‌లలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12 నొక్కితే సాధారణంగా బూట్ మెనూ వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాల్లో తరచూ చేయాల్సిన పని ఇదే. కాబట్టి మూడింటికీ పేర్లు రాసి అంటించి, దాచుకోండి. రేపు స్నేహితుల పీసీ మొరాయించినా మీకు అది ఇంకో ప్రాక్టికల్!