ఆకులు తగ్గాకే కనిపించిన జింకపిల్ల

1942లో విడుదలైన డిస్నీ వారి 'బాంబీ' తయారవుతున్నప్పుడు చిత్రకారులకు ఒక చిక్కు వచ్చింది. జింకలు కనబడడం లేదు. అడవిని గడ్డిపరకతో సహా ఆకు ఆకూ విడదీసి గీశారు. 1937 నాటి 'స్నో వైట్'కు అలా గీసే మెప్పు పొందారు మరి. కానీ గోధుమరంగు జింకపిల్లను తెచ్చి ఆ చిక్కటి అడవి మీద పెడితే ఆకుల్లో కలిసిపోయింది.

అప్పట్లో నేపథ్యాన్ని ఒక్కసారే రంగుల్లో వేసేవారు. పాత్రల్ని మాత్రం సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీద గీసి, వరసగా నేపథ్యం మీద పరుస్తూ ఫొటోలు తీసేవారు. దాంతో నేపథ్య చిత్రకారుడికి ఒకే బొమ్మ మీద ఎక్కువసేపు కూర్చునే వీలుండేది. ఆ తీరికే ఇక్కడ బెడిసికొట్టింది.

చిక్కు విప్పినవాడు టైరస్ వాంగ్. 1910లో చైనాలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి వెంట అమెరికా చేరాడు. స్టూడియోలో అతనిది ఇన్‌బిట్వీనర్ ఉద్యోగం: పెద్ద ఆర్టిస్టులు గీసిన రెండు భంగిమల మధ్య కదలికల్ని పూరించడం. 'బాంబీ' సంగతి తెలిసి, సొంతంగా కొన్ని చిన్న చిత్రాలు వేసి ఆర్ట్ డైరెక్టర్ టామ్ కాడ్రిక్‌కు చూపించాడు. చైనాలో సాంగ్ వంశపు కాలంనాటి ప్రకృతి చిత్రాల ఒరవడి అది. నడుమ జింక, దాని చుట్టూ నాలుగు కొమ్మలు స్పష్టంగా ఉంటాయి. అంచులకు పోయేకొద్దీ పొగమంచు, వెలుగు, లీలగా చెట్ల మొదళ్లు.

సినిమాకు ఆ ఒరవడే తీసుకున్నారు. అది ఎందుకు ఫలించిందో కంటి నిర్మాణమే చెబుతుంది. రెటీనాలో ఫోవియా అనే చిన్న గుంట ఉన్నచోటే మనకు సూక్ష్మమైన వివరాలు తెలుస్తాయి. చేయి చాచితే బొటనవేలి వెడల్పెంతో, దాని చూపు మేర దాదాపు అంతే. మిగతాదంతా మసక. అందుకే పదునైన అంచు, వెలుగునీడల తేడా ఎక్కడుంటే చూపు అక్కడికి దూకుతుంది. ప్రతి ఆకూ పదునుగా ఉంటే అది ఎక్కడని ఆగాలి? పైగా దూరపు చెట్లు పాలిపోయి కనిపించడం కూడా నిజమే. నడుమనున్న గాలిలోని తేమ, ధూళి వెలుతురును చెదరగొడతాయి. ఆ పాలిపోయిన రంగును బట్టి మెదడు దూరాన్ని అంచనా వేసుకుంటుంది.

అసలు గొప్పతనమంతా కథ దగ్గర తెలుస్తుంది. తల్లిజింక చావును సినిమా చూపించదు. తల్లీపిల్లా లేతపచ్చిక మేస్తుంటాయి, పరుగు, తుపాకి మోత. ఆ తర్వాత మంచు దట్టంగా కురిసి, అడవి బూడిదరంగు నీడలుగా మిగులుతుంది. అమ్మను పిలుస్తూ పిల్ల తిరిగే ఆ తెల్లటి ఖాళీలో దారి గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. అంతటి ఒంటరితనాన్ని ఏ సంభాషణా చెప్పలేదు. పెద్దయిన బాంబీ ఇంకో మగజింకతో తలపడేటప్పుడు నేపథ్యం అడవి రంగులనే వదిలేస్తుంది. ముదురు నీడలు, జింకల ఒంటి అంచుల వెంట మండే వెలుగు. అక్కడున్నది కోపం రంగు.

లోతు కోసం మల్టీప్లేన్ కెమెరా వాడారు. అడవిని అద్దపు పలకల మీద పొరలుగా గీసి, ఒకదాని కింద ఒకటి ఎడంగా అమర్చి, పైనుంచి చిత్రీకరించేవారు. పొరల్ని వేర్వేరు వేగాలతో జరిపితే, రైలు కిటికీలోంచి చూసినట్టు దగ్గరి చెట్లు గబగబా, దూరపువి నింపాదిగా సాగుతాయి. సినిమా మొదట్లో అడవిలోకి నడిపించే సుదీర్ఘమైన షాట్ అలా తీసిందే. జింకపిల్ల ఇంకా కనబడకముందే ఆ అడవి మనకు తెలిసిన చోటైపోతుంది.

1941లో డిస్నీ ఉద్యోగుల సమ్మె జరిగాక స్టూడియో వాంగ్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. మరుసటి ఏడు సినిమా వచ్చినప్పుడు టైటిల్స్‌లో అతని పేరు నేపథ్య చిత్రకారుల జాబితాలో ఒకటిగా పడింది. సినిమా రూపమంతటికీ దారి చూపినవాడికి అది అన్యాయమనే నా అభిప్రాయం. 2001లో సంస్థ అతనికి 'డిస్నీ లెజెండ్' గౌరవం ఇచ్చింది. అప్పటికి వాంగ్‌కు తొంభై ఏళ్లు నిండాయి.