మన పిల్లల చేతికి ఒక చిన్న బోర్డు

నేడు మన ఇళ్లలో పిల్లల చేతిలో సెల్‌ఫోను కనిపించని పూట అరుదు. ‘ఫోను పక్కన పెట్టు’ అని అమ్మీ, అబ్బా రోజుకు పదిసార్లు చెబుతూనే ఉంటారు. పక్కన పెట్టిన తరువాత ఆ చేతికి ఏమివ్వాలన్నది మాత్రం మనం అంతగా ఆలోచించం. ఇతరులు చేసినదాన్ని చూస్తూ కూర్చునే పిల్లలకు, తామే ఒక వస్తువుకు పని నేర్పే అవకాశం కల్పించాలి. అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్ని వందల రూపాయలకే ఆ అవకాశాన్ని ఇస్తుంది.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఒదిగిన చిన్న కంప్యూటరు. బట్టలుతికే యంత్రం లోపల పనిచేసేది ఇటువంటిదే. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులకు సైతం ఉపయోగపడాలని ఆర్డుయినో బోర్డును రూపొందించారు. దాని నిర్మాణ వివరాలను అందరికీ బహిరంగంగా ఇచ్చినందువల్ల చవకైన బోర్డులు వెలువడ్డాయి. ‘ఊనో ఆర్3’ అనే బోర్డులో ప్రోగ్రాము దాచుకునే చోటు 32 కిలోబైట్లే. సెల్‌ఫోనులో తీసిన ఒక ఫొటో సాధారణంగా అందులో పట్టదు. నేర్చుకునేవారికి మాత్రం అది ధారాళంగా సరిపోతుంది.

మొదటి పాఠం బోర్డుపై ఉన్న చిన్న దీపాన్ని వెలిగించి ఆర్పడం. కంప్యూటరులో ఆర్డుయినో సాఫ్ట్‌వేరును ఉచితంగా ఎక్కించుకుని, బోర్డును యూఎస్‌బీ కేబులుతో కలపాలి. టూల్స్ మెనూలో బోర్డు పేరును, అది తగిలి ఉన్న పోర్టును ఎంచుకోవాలి. ఉదాహరణలలో ‘బ్లింక్’ అనే ప్రోగ్రామును తెరవాలి. అందులో రెండు భాగాలుంటాయి. ‘సెటప్’లో రాసినది ఒక్కసారే జరుగుతుంది, ‘లూప్’లో రాసినది కరెంటు ఉన్నంతసేపూ మళ్లీ మళ్లీ జరుగుతుంది. టిక్కు గుర్తు నొక్కితే మనం రాసిన అక్షరాలు చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మారతాయి. బాణం గుర్తు నొక్కితే ఆ అంకెలు కేబులు ద్వారా చిప్పులోకి చేరి నిలిచిపోతాయి. కేబులు తీసి మళ్లీ పెట్టినా పాఠం మరువదు. దీపం ఒక సెకను వెలిగి, ఒక సెకను ఆరుతుంది. 1000 అన్నచోట 200 అని మార్చి మళ్లీ ఎక్కిస్తే త్వరత్వరగా మిణుకుతుంది. తాను మార్చిన అంకెకు యంత్రం లోబడటం చూసిన బిడ్డ ముఖాన్ని ఒకసారి గమనించండి.

అయితే మొదటి ప్రయత్నంలోనే దీపం మిణకకపోవచ్చు. తెరపై ఎర్రని అక్షరాలు కనబడగానే ‘నాకు రాదు’ అని బిడ్డ లేచిపోయే ఘడియ ఇదే. మదరసాలో జేర్, జబర్ తారుమారైతే అర్థమే మారిపోతుందని మేము పిల్లలకు చెబుతాము. ఇక్కడా అంతే. ఒక సెమీకోలన్ మరచినా, పెద్ద అక్షరానికి బదులు చిన్న అక్షరం రాసినా ప్రోగ్రాము ముందుకు సాగదు. రాత సరిగా ఉండి కూడా పోర్టు కనబడకపోతే కేబులును మార్చి చూడాలి. కొన్ని కేబుళ్లు ఛార్జింగుకే తప్ప సమాచారం చేరవేయడానికి పనికిరావు. చవక బోర్డులకు విడిగా డ్రైవరు సాఫ్ట్‌వేరు అవసరం కావచ్చు. తప్పును వెదకి దిద్దుకునే ఓర్పే ఈ విద్యలో అసలు లాభం.

ఈ విద్య మనకు పరాయిది కాదు. పనిని క్రమమైన మెట్లుగా విడదీయడాన్ని ‘అల్గారిథమ్’ అంటారు. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే ఆ మాట పుట్టింది. 1206లో అల్ జజరీ నీటితో నడిచే గడియారాలను, స్వయంచాలక యంత్రాలను వివరిస్తూ గ్రంథం పూర్తిచేశాడు.

మా బోగోలు మండలంలో బిట్రగుంట పేరు వినగానే పెద్దలకు ఆవిరి ఇంజన్లు, లోకో షెడ్డు గుర్తుకొస్తాయి. యంత్రాలతో మెలగడం ఈ నేలకు కొత్త కాదు. నేడు నెల్లూరు తీరంలో ఎన్నో కుటుంబాల బతుకు రొయ్యల గుంటలపై ఆధారపడి ఉంది. రాత్రివేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. కాపలా మనిషి నిద్రలో ఉండి జనరేటరు వేయడం ఆలస్యమైతే పంట మొత్తం పోవచ్చు. దీపం వెలిగించడం నేర్చిన బిడ్డ కొద్ది వారాలలోనే దీనికొక హెచ్చరిక గంట తయారుచేయగలడు. బోర్డు బ్యాటరీపై నడుస్తుంది. ఫోను ఛార్జరు నుండి వచ్చే 5 వోల్టులను రెసిస్టర్ల ద్వారా దాని పిన్నుకు అందిస్తారు. కరెంటు పోగానే ఆ వోల్టేజీ పడిపోయి బజరు మోగుతుంది. అయితే మూడు ఫేజులలో ఛార్జరు లేని ఫేజు పోతే ఇది పసిగట్టలేదు. కనుక కాపలా మనిషి ఉండవలసిందే. ఇది అతనికి తోడు మాత్రమే. 230 వోల్టుల తీగను పిల్లలు ఎన్నడూ ముట్టరాదు, బోర్డుకు తగిలించరాదు.

తల్లిదండ్రులారా! 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద అనేక పాఠశాలల్లో 6 నుండి 12 తరగతుల పిల్లలకు అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొల్పారు. మీ పిల్లల బడిలో ఉందేమో కనుక్కోండి. కుమారులతో పాటు కుమార్తెలనూ అక్కడికి పంపండి. లేకుంటే నలుగురు పిల్లలకు కలిపి ఒక బోర్డు కొనివ్వండి. ఏదైనా పాడైతే కోపగించకండి. ఎర్రని అక్షరాలు వచ్చిన రోజున పక్కన కూర్చుని, ‘ఏ వరుసలో తప్పుందో కలిసి చూద్దాం, బేటా’ అనండి. ఆ ఒక్క మాట బిడ్డను లేచిపోకుండా ఆపుతుంది, ఇన్షా అల్లాహ్.