కొన్న సినిమాకు పొలిమేరలా?

బెజవాడలో కొన్న పుస్తకాన్ని బళ్ళారిలోనో బరంపురంలోనో చదవగూడదని మన తాతలనాడు ఎవరూ అనలేదు. డి.వి.డి.ల తీరు వేరు. 1996-97లో ఇవి బజారుకు వచ్చినప్పుడే సినిమా కంపెనీలవారు లోకాన్ని ఆరు మండలాలుగా పంచి, అమెరికాకు 1, మనకు 5 అని అంకెలు వేశారు. అమెరికాలోని పిల్లలు ముచ్చటపడి పంపిన డిస్కుమీద ఒక్క 1 మాత్రమే ఉంటే, అది ఇక్కడి మామూలు యంత్రంలో ఆడదు. ఒక్కో దేశంలో సినిమా ఒక్కోనాడు విడుదలవుతుంది గనుక ఈ కట్టుబాటట! విడుదలై ముప్పైయేళ్లయిన చిత్రానికీ ఇదెందుకో మాకు బోధపడలేదు. దొంగ ప్రతికి ఈ అడ్డు లేదు; రొక్కమిచ్చినవానికే గడియ. అన్ని మండలాలలోనూ ఆడే డిస్కులూ ఉన్నవి. కొనేముందు అట్ట వెనుక భూగోళపు గుర్తులోని అంకె చూడమని పిల్లలకు వ్రాయండి.