నోటి మాట మీదే లక్షల బేరం
తగాదా వస్తే చేతిలో మిగిలేది చీటీ ముక్కే

రాయకోట: తెల్లారక ముందే టమోటా బాక్సులతో బండ్లు మండీల ముందు బారులు తీరే ఊరు ఇది. పూట తిరక్కుండానే లక్షలు చేతులు మారతాయి. రాతకోతలు మాత్రం చీటీ ముక్క దాటవు. నాటుకు ముందు మండీ యజమాని అడ్వాన్సు ఇస్తాడు. పంట ఆ మండీకే తోలాలన్నది మాట. కమీషన్ ఎంత, దించిన కూలి ఎవరిది, ధర పడిపోతే అడ్వాన్సు ఎట్లా తీరాలి.. ఇవేవీ కాగితం మీద ఉండవు. 'మనలో మనకు రాతలెందుకన్నా' అని ఇద్దరూ అనేస్తారు.

ధర నిలకడగా ఉన్నన్నాళ్లూ మాట చెల్లుతుంది. 2023 జూలైలో చిల్లరగా కిలో టమోటా వంద రూపాయలు దాటింది. అట్లాంటప్పుడు ఎక్కువిచ్చే వ్యాపారి వైపు రైతు మనసు లాగుతుంది. కోత కూలి కూడా రాని రోజుల్లో మండీ వాళ్లే సరుకొద్దంటారు. తగాదాలన్నీ ఈ రెండు సమయాల్లోనే.

నోటి ఒప్పందం చెల్లదా అంటే చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని కొట్టిపారేయదు. చిక్కంతా రుజువు దగ్గరే. సాక్షి ఊళ్లోవాడే, రేపు ఎవరి పక్కన నిలుస్తాడో చెప్పలేం. ఒకసారి రాసుకున్నాక మాత్రం 'నోటితో ఇంకోలా అనుకున్నాం' అంటే కోర్టు సాధారణంగా వినదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య చట్టంలోనూ ఈ సూత్రం కొనసాగుతోంది.

అందుకే సంతకానికి ముందు చదవాలి. మన వైపు అసలు కష్టం ఇక్కడే. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, కన్నడం కలిపి మాట్లాడతాం. పత్రం మాత్రం కోర్టు తమిళంలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. వకీలుకు ఫీజు ఇచ్చేది రాయడానికి ఒక్కటే కాదు, ప్రతి షరతూ తెలుగులో విప్పి చెప్పించుకోవడానికి కూడా. రెండు భాషల్లో రాసుకుంటే, తేడా వచ్చినప్పుడు ఏ ప్రతి చెల్లుతుందో అందులోనే రాయించాలి.

స్టాంపు వెండరు దగ్గర దొరికే పాత నమూనాలో పేర్లు మార్చి పని కానిచ్చేవాళ్లు ఎక్కువ. అందులో 'మంచి సరుకు' అని ఉంటుంది. మంచి అంటే ఎంత సైజు? తూకం ఎక్కడ, తోటలోనా గోదాములోనా? సరుకు వెనక్కి పంపితే కారణం రాసివ్వాలా? వడగళ్లు పడి పంట పోతే అడ్వాన్సు సంగతేమిటి? ఈ ప్రశ్నలు అడిగే వకీలే పనికొచ్చే వకీలు. స్టాంపు తక్కువైన పత్రాన్ని జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

ఖాళీ చెక్కు ఇచ్చే అలవాటు మరీ ప్రమాదం. ఇష్టపూర్వకంగా సంతకం చేసిచ్చిన చెక్కులో అంకె ఇంకొకరు నింపినా, ఇచ్చినవాడి మీద బాధ్యత ఉన్నట్టే మొదట భావించాలని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. హామీగా చెక్కు ఇవ్వక తప్పదంటే దాని నంబరు, ఎందుకిచ్చారన్నది ఒప్పందంలో ఎక్కించాలి.

కంపెనీలతో ముందే ధర మాట్లాడుకుని పండించే రైతులకు వేరే దారి ఉంది. తమిళనాడు 2019లో కాంట్రాక్టు సేద్యానికి ప్రత్యేక చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చేయించాలి. కేంద్రం 2020లో తెచ్చిన సాగు చట్టాలు 2021లో రద్దయ్యాయి. ఆ రద్దు ఈ రాష్ట్ర చట్టానిది కాదు. రెండింటినీ కలిపి అయోమయపడేవాళ్లు ఉన్నారు.

హోసూరు లేతు షాపులకూ ఇదే తంటా. పెద్ద కంపెనీ ఆర్డరు ఫోన్‌లో వస్తుంది, బిల్లు నెలల తరబడి తిరుగుతుంది. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న యూనిట్‌కు రాతపూర్వక గడువు లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బివ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కాకపోతే సరుకు ముట్టిన తేదీకి సంతకం ఉండాలి. డెలివరీ చలానా మీద ఆ సంతకం తీసుకోని కుర్రాళ్లే ఎక్కువ.

వకీలు ఖర్చు భరించలేమనే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవారికి 1987 చట్టం కింద ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. హోసూరు, కృష్ణగిరి కోర్టుల్లోని న్యాయ సేవల విభాగాల్లో అడగవచ్చు. తగాదా వచ్చాకే కాదు, సలహా కోసం ముందుగా కూడా వెళ్లవచ్చు.