అడుగులు లెక్క... కేలరీలు అంచనా!

రాత్రి పది దాటాక మా సత్తెనపల్లిలో ఎవరైనా ఫోన్ పట్టుకుని ఇంటి ముందే అటూ ఇటూ తిరుగుతుంటే విషయం అర్థమైపోతుంది. పది వేల అడుగులకి ఇంకో ఐదారొందలు తక్కువయ్యాయన్నమాట! అవి పూర్తవగానే స్క్రీన్ మీద ‘350 కేలరీలు ఖర్చయ్యాయి’ అని వస్తుంది. ఆ ధైర్యంతో మర్నాడు ఇంకో ప్లేటు పునుగులు. రెండు నెలలు నడిచినా బరువు ఎందుకు తగ్గలేదో తెలియాలంటే ముందు ఆ 350 ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి.

ఫోన్ కొలిచేది ఏంటి?

ఫోన్లో, వాచీలో యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. నడిచేటప్పుడు మన ఒళ్లు ఒక లయలో ఊగుతుంది కదా, ఆ లయని పట్టుకుని సాఫ్ట్‌వేర్ అడుగులు లెక్కేస్తుంది. మామూలు నడకలో ఈ లెక్క బాగానే ఉంటుంది. కేలరీలు కొలిచే చిప్ మాత్రం ఏ ఫోన్లోనూ లేదు. మీరిచ్చిన బరువు, ఎత్తు, వయసు తీసుకుని, అడుగులకి ఒక ఫార్ములా తగిలించి అంకె చూపిస్తుందంతే. రోజూ కోడ్ రాసేవాణ్ని కాబట్టి చెబుతున్నా, లోపలికి వెళ్లేది అంచనా అయితే బయటికొచ్చేదీ అంచనానే.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందికి ఏడు రకాల చేతి పరికరాలు పెట్టి చూశారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు 5 శాతం లోపు తేడాతోనే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికంటే వెనకబడ్డది 93 శాతం!

మన లెక్క మనమే వేద్దాం

70 కిలోల మనిషి నిమిషానికి 100 అడుగుల చొప్పున నడిస్తే పది వేలకి 100 నిమిషాలు పడుతుంది. ఊరికే కూర్చున్నా ఒంట్లో గంటకి, కిలో బరువుకి సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. ఈ నడకకి దాదాపు 3 అవుతుంది. అంటే 3 × 70 × 1.67 గంటలు, సుమారు 350. యాప్ చూపించేది చాలాసార్లు ఇదే.

కానీ ఆ టైమంతా కుర్చీలో కూర్చున్నా 117 కేలరీలు ఎలాగూ పోయేవి. నడిచినందుకు అదనంగా పోయింది 233 మాత్రమే. రెండు టేబుల్ స్పూన్ల నూనెలోనే 240 ఉంటాయి. మన ఇళ్లలో గోంగూర పచ్చడి మీద తేలే నూనె గుర్తు తెచ్చుకోండి!

మిరప చేలో చెప్పని లెక్క

మా వైపు జనవరి వచ్చిందంటే మిరప కోతలే. మా పిన్ని కూడా వెళ్తుంది. పొద్దుట్నుంచీ వంగి కాయలు కోసి, సాయంత్రం నడుం పట్టుకుని వస్తుంది. ఫోన్ చూస్తే నాలుగు వేల అడుగులు కూడా ఉండవు. చెట్టు దగ్గర ఆగి చేతులతో చేసే పని అడుగుల లెక్కలోకి రాదు. బస్తా మోసినా, గడ్డిమోపు ఎత్తినా ఆ బరువు సంగతి ఫోన్‌కి తెలియదు. ఏసీ గదిలో పని చేసి, సాయంత్రం పార్కులో తిరిగే నా అంకె మాత్రం పిన్నికి రెట్టింపు! ఫ్యామిలీ గ్రూపులో ‘నువ్వు కూడా నడువు పిన్నీ’ అని మెసేజ్ పెట్టే ముందు ఇది ఆలోచించాలి.

ఆ పది వేలు ఎక్కడివి?

టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మింది. పేరు ‘మాన్‌పోకే’, అంటే పది వేల అడుగుల మీటర్. అమ్మకాల కోసం పెట్టిన ఆ పేరే ప్రపంచం మొత్తానికీ టార్గెట్ అయిపోయింది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం అమెరికాలో వయసు మళ్లిన మహిళలపై చేసిన అధ్యయనంలో 4,400 అడుగులతోనే ఆయుష్షుకి మేలు కనిపించింది. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు. అది ఆయుష్షు లెక్క, బరువు లెక్క కాదు.

బరువు గురించి మనలాంటి 18-35 ఏళ్ల వాళ్లపై అమెరికాలో రెండేళ్లు చేసిన ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం ఒకటే. పరికరం కట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, కట్టుకోనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు!

మరి వాచీ తీసి పారేయాలా?

అక్కర్లేదు. ఇలా వాడుకోండి చాలు.

• మీ అంకెని పక్కవాళ్లతో కాదు, పోయిన వారం మీ అంకెతోనే పోల్చుకోండి. సగటు 4,000 ఉంటే ముందు 5,000 చేయండి.

• యాప్ చూపించిన కేలరీలని తిండితో భర్తీ చేయకండి. వీలైతే ఆ అంకె కనపడకుండా పెట్టుకోండి.

• వారానికోసారి, పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకోండి. నడుం చుట్టుకొలత టేపుతో కొలవండి. నెలయ్యాక కూడా ఈ రెండూ కదలకపోతే యాప్ ఏం చెప్పినా తిండి ఎక్కువవుతున్నట్టే.

• ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతోందో అమ్మని అడగండి. దాన్ని మనుషుల సంఖ్యతో భాగించండి.

• షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడే పెద్దవాళ్లతో యాప్ చూసి తిండి తగ్గించనివ్వకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక రాత్రి పదింటికి తక్కువైన ఆ ఐదొందల అడుగులంటారా? మన లెక్కలో వాటి విలువ పన్నెండు కేలరీలు. హాయిగా పడుకోండి.